నాలుగో గ్లాసు

"సెంటు కొట్టుకోనొచ్చినావా?" అంది మధులత, గేటు దగ్గరే ఆపి.

సుధీర్ నవ్వు సగంలో ఆగింది. "నీ కోసమే గదా!"

"ఇది పెళ్లి కాదు, వైన్ టేస్టింగ్. నువ్వు నిలబడితే ఇంకెవరికీ నేరేడు వాసనే తెలీదు. ఆత్మకూరు పాలకేంద్రంలో దినామూ పాలు వాసన చూసేవాడివి, నీకు నేను చెప్పాల్నా? పో, కడుక్కోని రా."

ఏడాదిగా ఇద్దరికీ ప్రేమ. ఆమె తండ్రి మల్లికార్జున ఉదయగిరి కొండ కింద నేరేడు తోట పెంచి వైన్ చేస్తున్నాడు. ఈరోజు పదిమంది అతిథుల్లో ఒకడిగా వచ్చి ఆయన్ను మెప్పించమని మధులతే పిలిచింది. మెప్పిస్తే సాయంత్రమే పెళ్లిమాట ఎత్తుతానంది.

"గ్లాసుని కింద సన్నటి కాడ దగ్గర పట్టుకోండి. ఒక గుక్క నోట్లో తిప్పి చూడండి. వద్దనుకుంటే ఈ కుండలో పోసేయండి, మేమేమీ అనుకోం," అన్నాడు మల్లికార్జున.

ఎవరూ పోయలేదు. చేతికిచ్చింది పారబోస్తే ఇచ్చినాయన చిన్నబుచ్చుకుంటాడని మనవాళ్ల భయం. సుధీర్ పక్కనున్న అతిథి రామనారాయణ ప్రతి గ్లాసూ ఖాళీ చేసి "సూపర్" అంటున్నాడు.

నాలుగో గ్లాసు దగ్గర సుధీర్ ముక్కు ఆగింది. వెనిగర్ లాంటి పులిసిన వాసన. చప్పుడు కాకుండా కుండలో వంచేశాడు. మల్లికార్జున చూశాడు. మధులత మొహం వాడిపోయింది.

అతిథులు వెళ్లాక ఆయన పిలిచాడు. "అందరూ తాగినారు. నువ్వొక్కడివే పారబోసినావు. ఏందబ్బాయ్?"

బాగుందనేస్తే గండం గడిచేది. "నాలుగో గ్లాసు పట్టిన పీపాలో వైన్ చెడి పులుస్తా ఉండాది సార్. పదిమందిలో అనడం మర్యాద కాదని ఆగినాను. మూత వదులైందేమో చూడండి."

ఆయన వెళ్లి చూసొచ్చాడు. మూత వదులుగానే ఉంది.

"ఆ పీపాలో వైన్ ఎవరు చేసినారో తెలుసా? మా అమ్మాయి. మొదటిసారి."

మధులత కళ్లలో నీళ్లు. "ఆర్నెల్లు కష్టపడినాను. కుండలో పోసినావు!"

"అబద్ధం చెప్పి నిన్ను పెళ్లి చేసుకుంటే, రేపు నా మాట నమ్ముతావా?"

అన్నాక గానీ ఎదురుగా ఆమె నాయన ఉన్నాడని గుర్తు రాలేదు.

మల్లికార్జున అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇంక సార్ అనబాక. ఆదివారం మీవాళ్లని తోడ్కోనిరా. మధూ, అబ్బాయికి అన్నం పెట్టు. ఖాళీ కడుపున ఉండాడు."

మధులత కళ్లు తుడుచుకుని విస్తరి వేసింది. "కూర బాగలేకపోయినా చెప్తావా?"

"చెప్తాను."

"అయితే చెవిలో చెప్పు."