ఎంగిలి చేయని నాణెం

లొయాంగ్ పాతబజారులో బియాన్ రూసోంగ్ గారి పురాతన నాణేల దుకాణం ఆ రోజు మధ్యాహ్నానికే మూతబడింది. ఆయన తల్లి పోయి అది ఏడో రోజు. పోయినవారు ఆ సాయంకాలం ఒక్కసారి ఇంటికి వచ్చి, తమకిష్టమైనది రుచిచూసి, ఇక వెళ్ళిపోతారు. ఆ వేళ ఇంటివాళ్ళు వారి కంటపడకూడదు.

ఆ దుకాణాన్ని నిలబెట్టింది ఆవిడే. చేతికి వచ్చిన ప్రతి నాణేన్నీ ముందు పంటికి తాటించేది... టక్. ఆ తరువాత నాలుక కొసకు తాకించేది. వందల ఏళ్ళు మట్టిలో నానిన చిలుముకు రుచి ఉండదు. ఆమ్లంతో పట్టించిన దొంగ చిలుము పుల్లగా ఉంటుంది. కొడుక్కి ఆవిడ ఇచ్చిన ఆస్తి ఆ విద్యే.

"నేను పోయాక నా నోట్లో పెట్టేది మన హాన్ రాజుల కాలపు నాణెమేరా," అంది మంచంలో ఉండగా. "నకిలీది పెట్టావో, అక్కడివాళ్ళు నన్ను గుమ్మంలోంచే తరిమేస్తారు. తిరిగొచ్చి నీ నెత్తిమీదే కూర్చుంటాను, చూసుకో!"

"కూర్చో అమ్మా. నువ్వేమంత బరువు?" అని ఆయన నవ్వారు.

ఆ నాణేనికి ఒక నకిలీ ఉండేది. వేడినీళ్ళలో వేసినా, చాకు మొనతో గీకినా దాని చిలుము ఊడలేదు. దాన్ని పట్టుకున్నది నాలుక ఒక్కటే. పోల్చి చూసుకోవడానికి రెండింటినీ ఒకే పెట్టెలో పక్కపక్కన ఉంచారు. శవపేటిక మూసే ముందు, కన్నీళ్ళతో మసకబారిన చూపుతో ఒకటి తీశారు. తల్లి నోట్లోకి వెళ్ళేదాన్ని తాను ఎంగిలి చేయడమా అని, నాలుకకు తాకించలేదు.

"నాన్నా, గుమ్మంలో బూడిద చల్లాను," అంది కూతురు రుయిలాన్. "కుడుములూ, వెనిగరూ పెట్టాను. ఇక లోపలికి రండి."

నాణేల పెట్టె మూయబోతూ ఆయన మిగిలిన నాణేన్ని అలవాటుగా నాలుకకు తాకించారు.

రుచి లేదు.

మళ్ళీ తాకించారు. లేదు.

"ఏమైంది నాన్నా?"

"అసలుది ఇక్కడే ఉండిపోయిందమ్మా... నీ నాయనమ్మ నోట్లో ఉన్నది..."

రుయిలాన్ ముఖం పాలిపోయింది. "తవ్వి తీద్దామా?"

"మూసిన పేటిక తెరవకూడదు. ఆవిడే వస్తుందిగా. మార్చుకుంటుంది."

కుడుముల పళ్ళెం అంచున నాణేన్ని పెట్టి, తండ్రీకూతుళ్ళు లోపలి గదిలో ఒకే దుప్పటి కింద ముడుచుకున్నారు. పొద్దు వాలింది. తడిమట్టి వాసన మెల్లగా గదిలోకి పాకింది. దాని వెనకే, పుల్లటి కంచు వాసన.

టక్.

గది గుమ్మానికి వేలాడే తెర అవతల... చాలా దగ్గరగా.

టక్... టక్...

రుయిలాన్ వేళ్ళు ఆయన మణికట్టులో దిగబడ్డాయి. అవతల ఎవరో ఉమ్మిన చప్పుడు. ఆ తరువాత, నోటినిండా మట్టి ఉన్నవాళ్ళ గొంతు.

"పులుపురా..."

లేచి వెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాలని ఉంది. కానీ కంటపడకూడదు. "అమ్మా, పళ్ళెంలో ఉంది," అనబోయారు. రుయిలాన్ అరచేయి ఆయన నోరు మూసేసింది.

తెల్లవారాక బయటికి వచ్చారు. బూడిదలో చిన్న పాదాల గుర్తులు లోపలికే ఉన్నాయి. బయటికి ఒక్కటీ లేదు. పళ్ళెంలో రెండు నాణేలు... రెండూ తడిగా.

ఆయన మొదటిది నాలుకకు తాకించారు. రుచి లేదు. రెండోది. రుచి లేదు.

"నువ్వు చూడమ్మా."

రుయిలాన్ చూసింది. "నాకూ ఏమీ తెలియట్లేదు నాన్నా. రెండూ అసలువేనా?"

ఆయన వెనిగర్ గిన్నె ఎత్తి గుక్కెడు తాగారు. గిన్నెను ఆమెకు అందించారు. ఆమె తాగి, అర్థం కానట్టు చూసింది.

"ఇందులో నీళ్ళెవరు పోశారు నాన్నా?"

ఘాటుకు ఆయన ముక్కు మండుతోంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నాలుకకు మాత్రం పులుపు తెలియట్లేదు.

రెండు నాణేలనూ అరచేతిలో పెట్టుకుని ఆయన అలాగే నిలబడిపోయారు. అమ్మకు ఇవ్వవలసింది ఏదో చెప్పగలిగేవాళ్ళు ఆ ఇంట్లో ఇక లేరు.

లోపలి గదిలో, వాళ్ళు ఇప్పుడే విడిచి వచ్చిన దుప్పటి కింద నుంచి... టక్.