నిధి టెర్రస్

మధ్యాహ్నం కావస్తోంది. అరోరా ఊరి చివర ఏటి ఒడ్డున ఐదో తరగతి పిల్లలు క్లిప్‌బోర్డులు పట్టుకుని తిరుగుతున్నారు. ఏరు వేల ఏళ్లుగా నేలను కోసుకుంటూ కిందికి దిగిందనీ, ఒకప్పటి ఏటి నేలే ఇప్పుడు ఒడ్డున మెట్లలా మిగిలిందనీ టీచర్ మిస్ బెన్సన్ చెప్పారు. ఆ మెట్లనే టెర్రస్‌లు అంటారట. నీటి అంచు నుంచి గుట్ట పైదాకా అవి ఎన్ని ఉన్నాయో ఇద్దరిద్దరుగా చూసి రాయాలి.

హంసికకు జంట నిధి. నిధి హైదరాబాద్ నుంచి ఈ దేశానికి వచ్చి మూడు నెలలే అయింది. మిస్ బెన్సన్ ఇంగ్లిష్ మాటలు ఆమెకు సగమే అందాయి. ఏటి అవతల ఉన్న ఇళ్ల వైపు చాలాసేపు చూసింది.

"ఇక్కడ ఒక్క టెర్రస్ కూడా లేదు. అన్ని రూఫ్‌లూ ఏటవాలుగానే ఉన్నయి. వాటర్ ట్యాంకులు కూడా లేవు," అంది.

హంసిక వాళ్లమ్మ కూడా ఇంటి డాబాను టెర్రస్ అనే అంటుంది. ఆ సంగతి తెలిసి కూడా హంసిక నవ్వేసింది. నవ్వి ఊరుకోలేదు. పక్కనే ఉన్న మానవ్‌కీ, ఇషాకీ చెప్పింది. గుట్ట మీద బట్టలు ఆరేయడానికి తాడు తెచ్చావా అని మానవ్ నిధిని అడిగాడు. ముగ్గురూ నవ్వారు.

నిధి నీళ్ల దగ్గరి గడ్డిలో ఒక్కతే అటూ ఇటూ నడిచింది. హంసిక ఉన్నచోటి నుంచే గుట్ట వైపు చూసి 'రెండు' అని రాసేసింది.

మిస్ బెన్సన్ ఆ కాగితం చూశారు. తప్పని అనలేదు. సీసాతో చూశారా అని మాత్రం అడిగారు. సగం నీళ్లున్న సీసాను కంటి ముందు అడ్డంగా పట్టుకుని, నీటి గీత వెంట చూడాలి. నేల ఎక్కడ ఎత్తవుతోందో, ఎక్కడ చదునుగా ఉందో తెలియాలంటే ఒకరు చూస్తుంటే ఒకరు పైకి నడవాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. కావాలంటే లంచ్ తర్వాత జంటలు మార్చుకోవచ్చని కూడా ఆమె చెప్పారు.

నిధి బ్యాగు భుజానికి తగిలించుకుంది.

బ్యాగు తగిలించుకోవడం చిన్న పనే. కానీ హంసిక క్లిప్‌బోర్డు వదిలేసి ఆమె దగ్గరికి వచ్చింది.

"నువ్వు వెళ్లిపోతున్నావా?"

"నాకు టెర్రసే తెల్వదు కదా. తెలిసినోళ్లతో చెయ్యి."

"మా మామ్ కూడా అలాగే అంటుంది. నాకు తెలుసు. తెలిసే లాఫ్ చేశాను. సారీ, నిధీ."

నిధి నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరగలేదు.

"మా టెర్రస్‌కైనా మెట్లెక్కే పోవాలి. పోతే పైన సాపుగా ఉంటది. ఇందాక గడ్డిలో నడిస్తే కాళ్లకు అట్లనే అనిపించింది. కొంచెం ఎక్కుడు, మళ్ల సాపు. నువ్వు అడగలే."

హంసిక సీసా తీసింది. "ఇప్పుడు అడుగుతున్నా. చూపిస్తావా?"

నిధి బ్యాగు కింద పెట్టి గడ్డిలోకి నడిచింది. హంసిక నీటి అంచున నిలబడి సీసా గీత వెంట చూసింది. మొదట గీత నిధి మెడ దగ్గర ఉంది. ఆమె పైకెక్కే కొద్దీ నడుము దాకా దిగింది. తర్వాత ఇరవై అడుగులు నడిచినా నడుము దగ్గరే ఉండిపోయింది. అక్కడ నేల చదునుగా ఉంది. పొడుగు గడ్డి దాన్ని కప్పేసింది.

చివర్లో ఒక్కో జంటా లేచి చెప్పాలి. హంసిక లేచింది. మూడు టెర్రస్‌లున్నాయనీ, అన్నిటికన్నా కిందిది నిధి కాళ్లకు తెలిసిందనీ చెప్పింది. తను నవ్విన సంగతి కూడా దాచలేదు. అయినా తనను వదిలి వెళ్లనందుకు నిధికి అందరి ముందూ థాంక్స్ చెప్పింది. మానవ్ తల దించుకున్నాడు.

బస్సులో హంసిక కాగితం మీద అన్నిటికన్నా కింది మెట్టు గీసి, దాని పక్కన 'నిధి టెర్రస్' అని రాసింది. కాసేపు ఆలోచించి, ఆ మెట్టు మీద ఒక చిన్న వాటర్ ట్యాంకు బొమ్మ వేసింది.

నిధి వంగి చూసింది.

"ట్యాంకుకు మూత ఉంటది," అంటూ పెన్సిల్ అందుకుంది.