వెన్నుదూలానికి మూడో మేకు

మిట్టమధ్యాహ్నం!

దెయ్యాలకు అర్ధరాత్రే కావాలని ఎవరన్నారు? నీడ సైతం మనిషి పాదాల కిందికి నక్కి దాక్కునే ఆ ఘోరముహూర్తంలో, తమిళదేశపు నాగలాపురం నల్లరేగడి చేలు ఎండకు పొగలు కక్కుతున్నాయి. దాహంతో భూమి నోళ్ళు తెరిచింది... ఒక్కొక్క నెర్రె భుజం దాకా చెయ్యి మింగేంత లోతు! తుమ్మచెట్టు తొర్రలోంచి పట్టపగలే గుడ్లగూబ కూసింది. ఒకసారి... రెండుసార్లు... మూడో కూత సగంలోనే తెగిపోయింది.

చేను నడుమ, దిమ్మెల మీద ఇరవై ఒక్క మూరల ఇప్పదూలం పడి ఉంది. ఇంకా ఒక్క పలకైనా తగలని ఓడ వెన్నుదూలం అది. దాని పక్కన మోకరిల్లాడు మాంత్రికుడు వెళ్ళైసామి. ఎడమచేతిని నెర్రెలోకి భుజం దాకా దించి, దూలం కింద పాతిన కపాలాన్ని పట్టుకున్నాడు. కుడిచేతిలో సుత్తి. దూలం మీద, చితిలో కాల్చి తెచ్చి గుచ్చిన ఇనుప మేకు.

"హ్రీం... క్రోం... ఫట్!"

సుత్తి పడింది. మేకు దిగింది. దూలం మూలిగింది!

ఔను, మూలిగింది. కొయ్య మూలుగుతుందా అని నన్నడక్కండి, నమ్మనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. పది అడుగుల దూరంలో నిలబడ్డ కృష్ణమ్మాళ్‌కు సరిగ్గా అప్పుడే వీపులో చురుక్కుమంది. భయం వల్ల అనుకుంది, పిచ్చిది.

"బావా... మా ఇంటాయనకేమీ కాదు గదా?"

"ఆయనకేమైతాదే? మూడు ఉచ్చిపొద్దులు, మిట్టమధ్యాహ్నానికి ఒకటి లెక్కన మూడు మేకులు. మూడోది దిగితే దూలం నిలువునా చీలిపోతాది. అంతే! నీ మొగుడు నీ కొంగు పట్టుకొని ఇంటికొస్తాడు."

వాడు నవ్వాడు. ఆ నవ్వులో పన్నెండేళ్ళ విషం ఉందని ఆమెకు తెలియదు.

ఈర్ష్య! ఎంత దిక్కుమాలిన జబ్బండీ ఇది! కృష్ణమ్మాళ్ భర్త దామోదరసామి పత్తి రైతు. ఏటా తన పత్తి కోవిల్‌పట్టి, విరుదునగర్ వ్యాపారుల చేతులు మారి, తూత్తుకుడిలో పరాయివాళ్ళ తెరచాప ఓడలు, దోణులెక్కి కొలంబోకు పోవడం చూసి చూసి, "నాకూ ఒక దోణి" అని పట్టుబట్టాడు. 1931 తైనెలలో, సంక్రాంతి వెళ్ళాక, చేనిలోని ఇప్పమాను కొట్టబోయే ముందు కులదేవత జక్కమ్మకు మొక్కి, గొడ్డలిని మానుకు ఆనించి రాత్రంతా వదిలేశాడు. గొడ్డలి పడిపోతే తల్లి వద్దన్నట్టు. తెల్లవారేదాకా అది పడలేదు. తల్లి ఇచ్చింది!

ఇక ఆనాటి నుంచి దామోదరసామి లోకమంతా ఆ దూలమే. దానికి నూనె రాయడం, దాని పక్కనే పడుకోవడం, దానితో మాట్లాడడం! ఒకనాడు కృష్ణమ్మాళ్ కొత్తచీర కట్టుకుని కూడు తీసుకుపోతే, ఆమెను చూడకుండానే దూలం నిమురుతూ, "ఎంత నునుపో చూడు, పట్టు మాదిరి ఉండాది" అన్నాడు. ఆ రోజు ఆమె గుండెలో అగ్గి పుట్టింది. "సవతైతే జుట్టు పట్టుకొని ఈడుస్తును. ఈ కొయ్యను ఏమి చేసేది సామీ?" అని గోడకు తల బాదుకుంది.

అదే అదనుగా దిగాడు వెళ్ళైసామి. వాడు ఆమె మేనమామ కొడుకు, వరసైన బావ. పిల్లనివ్వలేదన్న పగతో మలయాళ దేశం పోయి, శ్మశానాల్లో పొర్లి, క్షుద్రవిద్యలు నేర్చి వచ్చాడు. ఓడ కట్టే వడ్రంగుల, ఆసారుల, రహస్యం వాడికి తెలుసు. వెన్నుదూలాన్ని యజమాని మూరతోనే కొలుస్తారు. ఎవరి మూరతో కొలిచారో వాళ్ళ ప్రాణం ఆ కట్టెకు అంటుకుంటుంది. దూలానికి మేకు దిగితే పోటు ఆ మనిషి వెన్నుకు! మూడో మేకుకు దామోదరసామి పీనుగు... కృష్ణమ్మాళ్ తన సొంతం!

రెండో మధ్యాహ్నం, చేనిలోవాళ్ళు కూటికి లేచి పోగానే, రెండో మేకు దిగింది.

ఇంట్లో రాగిసంగటి కలుపుతున్న కృష్ణమ్మాళ్ కెవ్వున అరిచి విరుచుకుపడింది! కళ్ళు తెల్లబడ్డాయి. జుట్టు విప్పుకుని, నేలను గోళ్ళతో రక్కుతూ మగగొంతుతో వికటంగా నవ్వింది.

"ఇంకొక్క మేకు... ఇంకొక్కటి! అప్పుడు ఈ ఆడది నాది! హహ్హహ్హ!"

కపాలంలోని ప్రేతం అది! దామోదరసామి పరుగున వచ్చి ఆమెను ఒడిలోకి లాక్కుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అతని వెంట వచ్చాడు తూత్తుకుడి నుంచి తెచ్చుకున్న ఓడ వడ్రంగి మునుసామి ఆసారి. ఆమె వెన్ను మీద రెండు కాలిన గాయాలు చూసి ముసలాయన చేనికి పరుగెత్తి, దూలం చూసి వచ్చాడు.

"అయ్యా... దూలంలో యాడ మేకులుండాయో, ఈయమ్మ వెన్నులో ఆడనే గాయాలుండాయి! ఎవురో చేతబడి చేసిండారు!"

పట్టుకారుతో ఆ మేకులు పీకబోతే పట్టుకారే విరిగింది. రాత్రంతా ప్రేతం కేకలు పెట్టింది, ఆమెను వదిలి ఇద్దరూ కదల్లేకపోయారు. మర్నాడు పొద్దెక్కాక, ఒక్క ఘడియ, కృష్ణమ్మాళ్‌కు తన గొంతు తిరిగి వచ్చింది.

"నేనే చేయించినాను... వెళ్ళైసామి బావతో. ఆ కొయ్యమీద పొరామై, కుళ్ళు... నన్ను మరిచిపోయి దాన్నే పెండ్లాము మాదిరి చూసుకుంటిరే! దాన్ని చీలిస్తే మీరు నాకు దక్కుతారని..."

దామోదరసామి కోపగించలేదు. మొలలోంచి ఒక నూలుదారం తీసి, ఆమె మోచేతి నుంచి వేలికొస దాకా ఆనించాడు. సరిగ్గా సరిపోయింది!

"నువ్వు నిద్రపోతాంటే కొలిచినానే కిష్ణా. ఆ దూలం నా మూర కాదు, నీ మూర! 'ఇల్లు చేరాల్సిన దోణికి ఇంటి ఆడదాని మూరే కొలత' అని నేనే ఆసారితో పోట్లాడినాను. పేరు గూడా నీదే. నీకు చెప్పకుండా కట్టి, తూత్తుకుడిలో చూపిద్దామనుకొంటి... పాపిష్టి నాయాల్ని, ఒక్క మాట చెప్పక పోతినే!"

ఆమె ఆ దారాన్ని గుప్పిట్లో బిగించింది. ఆరునెలలుగా తను కడుపుమంటతో కాలిపోయింది ఎవరి మీద? తన మీదే! ఎండ వాకిట్లో గడప దగ్గరికి జరిగింది. ఉచ్చిపొద్దు! దామోదరసామి ఆమెను భుజాన వేసుకుని చేను వైపు పరుగెత్తాడు.

వెళ్ళైసామి అప్పటికే చెయ్యి నెర్రెలోకి దించాడు. మూడో మేకు దూలం నడుమ నిలబడి ఉంది. సుత్తి పైకి లేచింది. అంతలో చేనిగట్టున కనిపించిన మనిషిని చూసి వాడి కళ్ళు బైర్లు కమ్మాయి. చావవలసినవాడు పరుగెత్తి వస్తున్నాడు! ఆ వచ్చేవాడి భుజాన, రక్తమోడుతున్న వీపుతో... కృష్ణమ్మాళ్!

"ఆపరా! ఆ దూలం కిష్ణ మూర! దాన్ని చంపొద్దురా!"

వెళ్ళైసామి ముఖంలో ఒక్క క్షణం మనిషి మెదిలాడు. పన్నెండేళ్ళు కోరుకున్న మనిషి వెన్నులో తనే మేకులు దించాడు! సుత్తి గాల్లోనే ఆగింది... కానీ ఆమె రెండు చేతులూ దామోదరసామి మెడను చుట్టుకుని ఉన్నాయి. అది చూశాడు. అంతే!

"నాకు దక్కనిది వానికీ దక్కగూడదు!"

సుత్తి దిగబోయింది. ఫెళఫెళఫెళ! మబ్బులేని ఆకాశం ఉరిమింది! కృష్ణమ్మాళ్ భర్త భుజం మీంచి దూకి నిటారుగా నిలబడింది. విరబోసిన జుట్టు, ఎర్రనిప్పుల కళ్ళు... ఈసారి ఆ గొంతు ప్రేతానిది కాదు!

"నేనిచ్చిన మానురా అది! జక్కమ్మనురా! గొడ్డలిని నిలబెట్టిన చేతులురా ఇవి! నా బిడ్డ మూరలో మేకు దించుతావా?"

కుండపోతగా వాన! ఎండిన రేగడి గటగటా నీళ్ళు తాగి ఉబ్బింది. తెరుచుకున్న నెర్రెలు మూసుకోసాగాయి. వెళ్ళైసామి చెయ్యి లాగాడు... రాలేదు! లోపల కపాలం పళ్ళు వాడి వేళ్ళను కరిచి పట్టుకున్నాయి!

"విడువు! కిష్ణా... తల్లీ... కాపాడు!"

దిమ్మెలు బురదలో కుంగాయి. రెండు మేకులూ వాటంతట అవే ఊడి ఎగిరిపడ్డాయి. ఇరవై ఒక్క మూరల దూలం మెల్లగా... అతి మెల్లగా... కదిలి, వాడి వీపు మీదికి దొర్లింది. వాడి వెన్ను విరిగిన చప్పుడు ఉరుములో కూడా వినిపించింది. ఆ తర్వాత గుడ్లగూబ మళ్ళీ కూయలేదు.

దూలం బండ్లెక్కి తూత్తుకుడి రేవుకు చేరింది. ఏడాదికి 'కృష్ణమ్మాళ్' దోణి పత్తి మూటలతో తూత్తుకుడి దాటి కడలిలోకి పోయింది. రెండు మేకుల రంధ్రాలను మునుసామి ఆసారి ఇప్పచెక్కతో పూడ్చాడు. కృష్ణమ్మాళ్ వీపు మీద రెండు మచ్చలు మాత్రం పోలేదు. కడలి పొంగిన రోజు అవి సలుపుతాయి. అప్పుడు ఆమె ఇంట్లో చాప మీద బోర్లా పడుకుంటుంది. దామోదరసామి పక్కన కూర్చుని ఆ మచ్చలకు నూనె రాస్తాడు.

"దోణి యాడుండాదే, కిష్ణా?" అని అడుగుతాడు.

ఆమె కళ్ళు మూసుకుని కాసేపు ఓర్చుకుంటుంది.

"ఇంటికొస్తా ఉండాది" అంటుంది.