కుట్టుగదిలో కిచకిచలు

అమ్మ పెదాల మధ్య ఆరు గుండుసూదులున్నాయి. అందుకే పిచ్చుక ఏమడిగినా "ఊఁ" అనే అంటోంది.

పిచ్చుకంటే పిట్ట కాదు, ఐదో క్లాసు పిల్ల. లేచింది మొదలు కిచకిచలాడుతుందని నాన్న పెట్టిన ముద్దుపేరు.

కుట్టుగదిలోకి మధ్యాహ్నపు ఎండ తేనెరంగులో జారుతోంది. దారపు నూగు ఎక్కడ వాలాలో తోచనట్టు గాల్లో తేలుతోంది. స్టూలు మీద పిచ్చుక క్లాసే చదివే బేకరీవాళ్ళమ్మాయి నిలబడి ఉంది. ఒంటిమీద కొత్త నీలం గౌను.

అమ్మ చివరి సూది కూడా గుచ్చేసి, "కదలకమ్మా, దారం తెస్తా" అని పక్క కొట్టుకి వెళ్ళింది.

పిచ్చుక స్టూలు దగ్గరికి జరిగింది. సండే స్కూల్ టీచర్ పోయిన వారమే చెప్పింది, "యేసయ్య గురించి మనలో మనమే చెప్పుకుంటే ఎలాగర్రా? చర్చి బయట ఒక్కరికైనా చెప్పి రండి" అని. ఇదిగో, వినే మనిషి దొరికింది. పైగా కదలడానికి లేదు.

"నీకో సంగతి చెప్పనా?"

"చెప్పు గానీ, ముందు ఇక్కడ..."

"మధ్యలో మాట్లాడకు. మర్చిపోతాను."

తప్పిపోయిన గొర్రెపిల్ల, దాన్ని వెతుక్కుంటూ వెళ్ళిన కాపరి, యేసయ్య ప్రేమ. చెబుతూ చెబుతూ పిచ్చుక నిలువుటద్దంలో చూసుకుంది. తన చేతులు అచ్చం టీచర్ చేతుల్లాగే తిరుగుతున్నాయి. తన గొంతు ఎక్కడో మబ్బుల్లోంచి వస్తున్నట్టు తనకే వినిపించింది.

"పిచ్చుకా, ఒక్క నిమిషం..."

"అయిపోవచ్చింది."

బేకరీవాళ్ళమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిచ్చుక ఒళ్ళు పులకరించింది. ఆ పిల్ల మనసు కరిగిపోయింది కాబోలు. ఆదివారం క్లాసులో చెయ్యెత్తి, లేచి నిలబడి, ఇదంతా చెప్పచ్చు.

ఇంతలో అమ్మ వచ్చింది. "ఏడుస్తున్నావేం తల్లీ?"

"నడుం దగ్గర సూది గుచ్చుకుంటోంది ఆంటీ. ఇందాకట్నుంచీ."

సూది తీస్తే, కింద ఆవగింజంత రక్తం.

"దీనికి చెప్పలేకపోయావా?"

"చెప్పనిస్తేగా."

వెళ్తూ ఆ పిల్ల పిచ్చుక వైపు చూడను కూడా లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో కిచకిచ లేదు. "పిచ్చుక గూట్లో లేదా ఏంటి?" అన్నాడు నాన్న. పిచ్చుక నవ్వలేదు. కళ్ళు మూసుకుంటే అద్దంలో తన చేతులు కనిపిస్తున్నాయి. ఎంత గుర్తుచేసుకున్నా అప్పటి ఆ పిల్ల మొహం మాత్రం రావడం లేదు. అంతసేపూ సరిగ్గా చూస్తేగా గుర్తుండటానికి.

శనివారం ఆ పిల్ల మళ్ళీ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. "దాన్ని బయటికి పంపిస్తేనే నిలబడతాను ఆంటీ."

"తప్పు నాదే," అంది పిచ్చుక మెల్లగా. "ఈసారి సూదుల డబ్బా పట్టుకుంటాను. అంతే."

ఆ పిల్ల సూదుల డబ్బా వైపు ఓసారి చూసి స్టూలెక్కింది. అమ్మ సూది గుచ్చిన ప్రతిసారీ పిచ్చుక అడిగింది.

"ఇక్కడ గుచ్చుకుంటోందా?"

"లేదు."

"ఇక్కడో?"

"లేదు."

"మరి మొహం అలా ఉందేం?"

ఆ పిల్ల గౌను అంచు నలిపింది. "ఇది హాస్టల్ యూనిఫాం. సోమవారం వెళ్ళిపోతున్నా."

పిచ్చుక నోటి దాకా చాలా మాటలొచ్చాయి. మింగేసింది. నూగు తేలుతోంది. ఎండ నేల మీద బెత్తెడు జరిగింది.

"ఒకే గదిలో ముప్ఫై మంచాలట," అంది ఆ పిల్ల చివరికి. "ఇక్కడైతే రొట్టెల వాసనకి మెలకువొస్తుంది నాకు. అక్కడ దేంతో లేస్తాను?"

"తెలీదు," అంది పిచ్చుక. ఆదివారం క్లాసులో చెప్పాలన్న సంగతి అప్పుడు గుర్తే లేదు. "రోజూ యేసయ్యతో నీ గురించి చెప్పనా?"

"ఏమని?"

"నువ్వు ఏమనమంటే అదే."

"పక్క మంచం పిల్ల గురక పెట్టకూడదని..." ఆగింది. "పోనీ, పెట్టినా పర్లేదు. మంచిదై ఉండాలని."

ఇద్దరూ కిసుక్కున నవ్వారు. అమ్మ సూదుల వెనక నుంచే "ఊఁ" అంది.

"నాకు ఆయన పరిచయం లేదుగా," అంది బేకరీవాళ్ళమ్మాయి. "నేనడిగినా వింటాడా?"

చెప్పాలంటే బోలెడుంది. పిచ్చుక ఒక్క మాటే అంది.

"వింటాడు."

అని, డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఆ పిల్ల మొహం కేసి చూస్తూ కూర్చుంది.