ముందు బండ

తాండూరు రైలు వికారాబాద్ దాటకముందే రాజేందర్‌కు రెబెక్క ఫోన్ చేసింది. పలకరింపు లేదు, సూటిగా గొడవే.

"ఏంది రాజేందర్, మా బండల వెబ్‌పేజీల అన్నీ మూసిపెట్టినవ్?"

"హెడ్డింగు నొక్కితే తెరుచుకుంటది, మళ్ల నొక్కితే మూసుకుంటది. మస్తు నీట్‌గ ఉంటది."

"మా నాయిన నొక్కడు. ఆగమైతవ్ చూడు!"

వెబ్‌సైట్లు చేసే రాజేందర్ ధైర్యవంతుడేమీ కాదు. తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్ నడిపే ఇమ్మానుయేలు కూతుర్ని రెండేళ్లుగా ప్రేమిస్తున్నాడు. ఆయన ఎదుట మాత్రం "నమస్తే అంకుల్" దాటి మాట పెగల్లేదు. ఆదివారం రెబెక్కను చూడ్డానికి పరిగి నుంచి పెళ్లివారు వస్తున్నారు. ఈలోగా ఆయన బండల కోసం చేసిన పేజీ చూపించి, పెళ్లి మాట అడగాలి. పేజీయే నచ్చకపోతే ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

యూనిట్‌లో ఇమ్మానుయేలు రాజేందర్ ఫోన్ అందుకుని వేలు పైకీ కిందికీ జరిపాడు. వట్టి హెడ్డింగులే కనిపించాయి.

"గింతేనా?"

"అంటే... నొక్కితే, అంకుల్..."

"ఏం కనబడకుంటె కొనెటోడు ఎందుకు నొక్కుతడు?" అని ఫోన్ తిరిగి ఇచ్చేసి, బండలు కొనడానికి అప్పుడే వచ్చిన గిరాకీ దగ్గరికి నడిచాడు.

పక్కనే ఉన్న రెబెక్క రాజేందర్‌ను కళ్లతోనే తిట్టింది.

అక్కడ బండలు గోడకు ఆనించి, ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి ఉన్నాయి. ఇమ్మానుయేలు ముందున్న నీలం బండ మీద నీళ్లు చల్లాడు. రంగు తేలింది. వెనకవాటి అంచులు మాత్రమే కనిపిస్తున్నాయి. గిరాకీయే తనంతట తాను ముందు బండను తన వైపు వంచుకుని రెండోది చూశాడు, తర్వాత మూడోది.

రాజేందర్ గబగబా ల్యాప్‌టాప్ తెరిచాడు.

"గిప్పుడేం జేస్తున్నవ్? అడగవా?" రెబెక్క గుసగుసలాడింది.

"జర ఆగు. మొదటిది తెరిచిపెడుతున్న. మిగిలినయ్ సగం లైను కనబడేటట్టు."

"చేతులు వణుకుతున్నయ్ నీకు."

"నువ్వు గింత దగ్గర కూసుంటే వణకవా?"

"అబద్ధం. మా నాయినను చూసి!" చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఈసారి ఇమ్మానుయేలు ఫోన్‌లో చూసేసరికి నీలం బండ ఫోటో తెరిచే ఉంది. దాని కింద "పసుపు బండ: వాకిట్లో పరిస్తే..." అన్న సగం మాట, పక్కన బాణం గుర్తు. ఆయన వేలు ఆగలేదు. నొక్కాడు, తెరుచుకుంది. ఇంకొకటి నొక్కాడు. చివరిది కాంటాక్ట్.

"వివరాలకు: రెబెక్క, రాజేందర్."

రాజేందర్‌కు పైప్రాణాలు పైనే పోయాయి. తన పేరు తను రాయలేదు. పేజీ పాస్‌వర్డ్ తెలిసిన రెండో మనిషి రెబెక్క ఒక్కతే. ఆమె ఇప్పుడు బండలను లెక్కపెడుతున్నట్టు అటు తిరిగి నిలబడింది.

"నీ పేరు ఎందుకున్నది గిండ్ల? ఎన్ని దినాలుంటది?" ఇమ్మానుయేలు అడిగాడు.

రైల్లో బట్టీ పట్టిన మాటల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"ఎప్పటికీ ఉంటది... మామా."

అనేశాక అతనికే భయమేసింది. ఇమ్మానుయేలు కూతురినీ, వణుకుతున్న కుర్రాడినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత వెనకింట్లో ఉన్న భార్యను కేకేశాడు.

"మార్తా! పరిగోళ్లను ఆదివారం రావద్దని చెప్పు. అల్లునికి అన్నం పెట్టు."