తాతయ్య మాట మీద పడిన అరుపు

మూడోసారి కూడా సీడీ కాపీ అవలేదు.

"బాగా గీతలు పడ్డాయండీ మామ్మగారూ," అన్నాడు తౌసిఫ్. బెంజ్ సర్కిల్ దగ్గర అతనిది చిన్న కంప్యూటర్ షాపు. "ప్లే మాత్రం అవుతోంది. అలా ప్లే అవుతుండగా ఆ సౌండునే రికార్డు చేద్దాం."

రామతులసమ్మ తల ఊపింది. పక్కనే మనవరాలు భానుశ్రీ ఉంది. అది భాను బాబాయి పెళ్లి సీడీ. అందులో ఒకచోట తాతయ్య మాట్లాడతాడు. ఆయన ఈ వేసవిలోనే పోయాడు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

ఇంతలో బయట ఎవరో పిలిచారు. "ఇప్పుడే వస్తా. నువ్వేమీ నొక్కకు పాపా," అని తౌసిఫ్ వెళ్లాడు.

భానుకి ఆ మాట నచ్చలేదు. బడిలో తనకూ కంప్యూటర్ నేర్పుతున్నారు. ఎర్ర చుక్క నొక్కితే రికార్డవుతుందని తెలుసు. నొక్కేసింది. సీడీ ప్లే చేసింది.

సన్నాయి, పిల్లల గోల. తర్వాత తాతయ్య గొంతు.

"ఇదిగో! ఎక్కడున్నావ్?"

తాతయ్య నానమ్మను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. 'ఇదిగో' అనేవాడు.

"ఆఁ, ఇక్కడే ఉన్నానండీ," అంటూ నానమ్మ కుర్చీలోంచి సగం లేచింది.

"అబ్బా, నోరు మూసుకో నానమ్మా! రికార్డవుతోంది!" భాను అరిచింది.

తాతయ్య ఇంకేదో అన్నాడు. అరుపులో అది వినపడలేదు.

తౌసిఫ్ వచ్చి రికార్డు వినిపించాడు. ఫ్యాను చప్పుడు, రోడ్డు మీది హారన్లు, ఎక్కడో దూరంగా తాతయ్య. అందరికంటే గట్టిగా భాను.

"మైకులోంచి రికార్డు చేశావు పాపా. కంప్యూటర్లో సౌండు బదులు గదిలో మాటలన్నీ ఎక్కాయి. మళ్లీ చేద్దాంలే."

సీడీ గిర్రున తిరిగి ఆగిపోయింది. తుడిచి పెట్టాడు. వేరే కంప్యూటర్లో పెట్టాడు. ఇక అది ప్లే అవలేదు.

"నా అరుపు తీసేయ్ అన్నయ్యా," అంది భాను.

"దాని కింద తాతగారి మాట ఉంది కదమ్మా. అదీ పోతుంది."

"దాన్నేమీ అనకు బాబూ," అంది నానమ్మ. "నేనే మధ్యలో మాట్లాడా. ఆయన పిలిస్తే నోరు ఆగదు నాకు."

తౌసిఫ్ ఆ రికార్డునే కొత్త సీడీలోకి ఎక్కించి ఇచ్చాడు.

బయట మబ్బు పట్టింది. బస్టాపులో ఇద్దరూ నిలబడ్డారు. వచ్చేటప్పుడు దారంతా మాట్లాడిన నానమ్మ ఇప్పుడు నోరు విప్పడం లేదు.

"తప్పు నీది కాదు నానమ్మా. వద్దన్నా నొక్కింది నేను. నిన్ను అంత మాటన్నదీ నేనే."

నానమ్మ కొత్త సీడీని చేతిసంచిలో పెట్టుకుంది.

"నేను అరిచినప్పుడు తాతయ్య ఏమన్నాడు?"



"'నువ్వు లేకుండా ఫొటో ఏంటి, రా' అన్నారు. ఆ వేళ ఏమైందంటే, తెల్లారకముందే లేచామా..." అని మొదలుపెట్టి, చటుక్కున ఆగిపోయింది. "బస్సొచ్చిందే. పద పద."

కంకిపాడు బస్సు ఆగింది. భానుకి ఇష్టమైన కిటికీ పక్క సీటు కూడా ఖాళీగా ఉంది.

"తర్వాతి బస్సుకి పోదాం," అంది భాను. "తెల్లారకముందే లేచారు. ఆ తర్వాత?"