అరవై నాలుగో పెట్టె

గురువారం మధ్యాహ్నం రెండూ ఐదు. పళ్ళ డాక్టరు తన క్లినిక్ మేడమీద గది తలుపు తీశాడు. తీసినవాడు తీసినట్టే గోడకు చేరగిలబడిపోయాడు.

శవం లేదు. రక్తం లేదు. గది మధ్యలో జానెడెత్తు కుప్ప ఉంది. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు ప్లాస్టిక్ ముక్కలు, వేలకు వేలు. చుట్టూ చీల్చి పారేసిన అట్టపెట్టెలు.

పిల్లలు ఒకదాని మీద ఒకటి నొక్కి ఇళ్ళూ ఓడలూ కట్టుకునే బ్లాకుల సెట్లు అవి. అన్నీ అరచేతిలో పట్టే చిన్న సెట్లే. కంపెనీ ఎప్పుడో చెయ్యడం మానేసినవి. డాక్టరు పద్దెనిమిదేళ్ళుగా ఏరి ఏరి అరవై నాలుగు పోగుచేశాడు. ఒక్కటీ విప్పలేదు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళ లోకంలో సీలున్న పెట్టె నిధి. సీలు పోయిందా, అది పిల్లల ఆటవస్తువు.

ఇప్పుడు అరవై నాలుగు నిధులూ ఒకే కుప్పలో కలిసిపోయాయి.

రెండూ నలభైకి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. యాభై దాటిన మనిషి. ఎక్కువ మాట్లాడదు. మాట్లాడితే ఎదుటివాళ్ళకు నచ్చదు.

"గది ఎప్పుడు తాళం వేశారు?"

"పన్నెండూ యాభై ఐదుకి. ఒంటిగంటకి క్లినిక్ మూసి భోజనానికి ఇంటికెళ్ళాను."

"తాళంచెవి?"

"ఇంకోటి కింద రిసెప్షన్ డ్రాయర్‌లో ఉంటుంది."

"అది ఎవరికి తెలుసు?"

"మా బావమరిదికి. రిసెప్షన్ వాడే చూస్తాడు. వెనక ల్యాబ్‌లో కట్టుడుపళ్ళు చేసే మేస్త్రికి. ఇంకా ఆ గడియారాల కొట్టాయనకి. ఆయనకీ ఈ బ్లాకుల పిచ్చే. ఎల్లుండి నా దగ్గర ఒక సెట్ కొనాలి. ఇవాళ పన్నెండున్నరకి వచ్చి చూసి వెళ్ళాడు."

"పోయిందేంటి?"

"కనబడట్లేదా మేడం? అన్నీ పోయాయి."

"పాడైంది చూస్తున్నాను. పోయింది అడుగుతున్నాను."

డాక్టరు కుప్పకేసి చూసి తల అడ్డంగా ఊపాడు.

ఆమె నేలమీద కూర్చుని పెట్టెలన్నీ ముందు పేర్చుకుంది. అరవై మూడు పెట్టెల్ని ఎడాపెడా చీల్చారు. కొన్నిటిని కాళ్ళతో తొక్కినట్టుంది. ఒక్కదాన్ని మాత్రం చీల్చలేదు. జిగురు అంటించిన చోట సన్నటి కత్తి దూర్చి, అట్ట చిరక్కుండా విడదీశారు. పెట్టె మీద లైట్‌హౌస్ బొమ్మ. ఎలా కట్టాలో చూపించే చిన్న పుస్తకం ప్రతి సెట్లోనూ ఉంటుంది. ఇందులో లేదు.

ఆమె టార్చి వేసి బీరువా కింద చూసింది. దుమ్ములో గోరంత తెల్ల ముక్క ఒకటి ఉంది. తీసి వెలుగులో పట్టుకుంది. అంచు మీద చిన్న చిన్న నొక్కులు ఉన్నాయి.

"ఇవేంటి డాక్టర్ గారూ?"

"ఫ్యాక్టరీలో పడ్డవి అయ్యుంటాయి."

కళ్ళజోడు జేబులోనే ఉంది. తీయకుండానే చెప్పేశాడు. ఆమె ముక్కను ఎవిడెన్స్ కవర్లో వేసుకుని కిందికి దిగింది.

బావమరిది అడగకముందే మొదలుపెట్టాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం.

"నేను కాదండి. ఒంటిగంటకి షట్టర్ సగం దించి ఎదురుగా హోటల్లో తింటున్నాను. బిల్లు ఉంది. ఆ మేస్త్రిని అడగండి. వాడు ల్యాబ్‌లోనే తింటాడు. అసలు ఇక్కడ దొంగతనం కొత్త కాదు. పోయిన నెల పళ్ళు తెల్లబరిచే జెల్ నాలుగు ట్యూబులు ఖాళీ. ఆ పని చేయించుకున్న పేషెంట్లు ఇద్దరే."

"మేస్త్రి వాడాడంటారా?"

"మరెవరు వాడతారు? నోట్లో నాలుక లేనట్టుంటాడు గానీ, అలాంటివాళ్ళతోనే జాగ్రత్త."

గడియారాలాయన మూడున్నరకి వచ్చాడు. కుప్ప చుట్టూ ఒకసారి తిరిగాడు.

"మీరు కొనాలనుకున్నది ఏది?"

"లైట్‌హౌస్ అమ్మా. సీలుతో ఇంకెక్కడా దొరకదు."

"కొన్నాక విప్పుతారా?"

ఆయన ఆమెను జాలిగా చూశాడు. "ఎవరైనా విప్పుతారా? మేం పెట్టె ఊపి చప్పుడు వింటాం. తూకం వేస్తాం. సీలు చూస్తాం. నేను పోయాక నా కొడుకూ విప్పడు."

ల్యాబ్ వెనక వైపు చిన్న గది. మైనం కరిగిన వాసన. చిన్న దీపం మంట మీద సన్నటి కత్తి వేడిచేసి మేస్త్రి మైనం పళ్ళు చెక్కుతున్నాడు. షెల్ఫుల్లో పేషెంట్ల పళ్ళ అచ్చులు, సున్నపు రంగులో, వరసలు వరసలుగా. అన్నిటి మీదా దుమ్ము ఉంది. ఒక్కదాని మీద లేదు. అది చాలా చిన్నది.

"ఒంటిగంట నుంచి రెండు దాకా ఎక్కడున్నారు?"

"ఇక్కడే."

"మేడ మీదికి వెళ్ళారా?"

అతను మంట ఆర్పాడు. "మీరు కనుక్కోండి మేడం. మీరు కనుక్కుంటేనే బాగుంటుంది."

ఆమె చిన్న అచ్చు వైపు చూసింది. "అది ఇస్తారా, రేపటిదాకా?"

అతను రెండు చేతులతో తీసి ఇచ్చాడు.

శుక్రవారం ఉదయం పదకొండుకి అందరూ క్లినిక్‌లో చేరారు. కుర్చీలు చాల్లేదు. ఇన్‌స్పెక్టర్ డాక్టరును పేషెంట్ కుర్చీలో కూర్చోమంది. ఆయనకు నచ్చలేదు. కూర్చున్నాడు.

"అరవై మూడు పెట్టెల్ని కోపంతో విప్పారు. ఒక్కదాన్ని అనుమానంతో విప్పారు. మొదట విప్పింది అదే. తన అనుమానం తప్పయితే మళ్ళీ అంటించేద్దామని జాగ్రత్తగా విప్పారు. వేడి చేసిన మైనం కత్తితో."

బావమరిది మేస్త్రి వైపు వేలు చూపించాడు. "చెప్పానా."

"మీరు చెప్పింది జెల్ గురించి. అది వాడింది ఆయన కాదు. మీ బావగారు."

ఆమె కవర్లోంచి తెల్ల ముక్క తీసింది.

"తెల్ల ప్లాస్టిక్ ఏళ్ళ తరబడి కిటికీలో ఎండకి ఉంటే పసుపెక్కుతుంది. పెట్టెలో ఉంటే ఎక్కదు. ఈ ముక్క రాత్రి మా పోలీసు ల్యాబ్ వాళ్ళకి చూపించాను. పళ్ళు తెల్లబరిచే మందుతో కడిగారన్నారు. సీలు విప్పని పెట్టెలో ముక్కని ఎవరు కడుగుతారు? ఇక ఈ అంచు చూడండి. రెండు బ్లాకులు అతుక్కుపోయి రాకపోతే పిల్లలు ఏం చేస్తారు?"

గడియారాలాయన నెమ్మదిగా అన్నాడు. "పంటితో లాగుతారు."

ఆమె చిన్న అచ్చును బల్ల మీద పెట్టి ముక్కను దాని ముందుపళ్ళకు ఆనించింది. మధ్యలో సందు, ఎడమ పన్ను మూల విరుపు. నొక్కులు పళ్ళలో సరిగ్గా కూర్చున్నాయి.

"ముప్ఫై ఏళ్ళుగా జనం నోళ్ళు చూస్తున్నారు డాక్టర్ గారూ. పంటిగాటు ఫ్యాక్టరీ గుర్తులా కనిపించిందా?"

డాక్టరు అచ్చు మీంచి మొహం తిప్పుకున్నాడు.

మేస్త్రే చెప్పాడు. గొంతు పెంచలేదు.

"మా పాప అచ్చు అది. ఈ కుర్చీలోనే ఈయనే తీశారు. ఏడేళ్ళు. జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయింది. ఆ లైట్‌హౌస్ తను కట్టిందే. రెండేళ్ళు కిటికీలో అలాగే ఉంచాం. మా ఆవిడ దాన్ని చూస్తూ అన్నం మానేస్తుంటే ఈయనే అన్నారు, పెట్టెతో సహా నాకివ్వు, దాస్తాను, ఎప్పుడడిగితే అప్పుడిస్తానని. పోయిన నెల మా ఆవిడే అడిగింది, తెచ్చి పెట్టమని. ఇల్లు మారినప్పుడు పోయిందన్నారు."

"తర్వాత?"

"తర్వాత బీరువాలో కనబడింది. అడిగితే నవ్వి, సీలు చూడరా, ఇది వేరేది అన్నారు. మీ పాపది ప్లాస్టిక్ చెత్త, ఇది కలెక్షన్ అన్నారు."

మేస్త్రి చిన్న అచ్చు మీద చెయ్యి వేశాడు.

"నిన్న విప్పి చూశాను. పసుపంతా పోగొట్టాడు మేడం. పాప చెయ్యి పడ్డ మరకలన్నీ పోగొట్టాడు. ముక్కలు మార్చడానికి ఇంకెక్కడా దొరకవు కాబట్టి గాట్లు మిగిలాయి. మా సెట్ పుస్తకంతో సహా తీసుకున్నాను. మిగతావన్నీ చీల్చాను. ఒక్కొక్కటీ చీలుస్తుంటే హాయిగా ఉంది. అబద్ధమెందుకు, ఇవాళ కూడా హాయిగానే ఉంది."

గడియారాలాయన డాక్టరు ముందుకొచ్చాడు. "విప్పితే విలువ పోతుందని మేమెవరం విప్పం. ఆ ధైర్యంతోనే కదా నాకు అంటగట్టబోయావు? మా దగ్గరకి మళ్ళీ రాకు. మిగతా అరవై మూడూ అసలువే అన్నా ఇంకెవడు నమ్ముతాడు?"

అప్పుడు డాక్టరు మొహం పాలిపోయింది. కుప్ప చూసినప్పుడు కూడా అంత పాలిపోలేదు.

"కంప్లయింట్ వాపసు తీసుకుంటాను," అన్నాడు. "లోపలి సంగతి. మేమూ మేమూ చూసుకుంటాం. ఒరేయ్, నీ మీద కేసు లేదు, పో."

"వద్దండి," అన్నాడు మేస్త్రి. "కేసు ఉండాలి. పగలగొట్టింది నేనే, రాసుకోండి మేడం, సంతకం పెడతాను. కోర్టుకి రండి అంటే వస్తాను. ఆయన కూడా రావాలి. నా కంప్లయింట్ కూడా రాసుకోండి. దాచమని ఇచ్చింది తినేసి, దొంగ సీలు వేసి అమ్మబోయాడని."

ఇన్‌స్పెక్టర్ రెండు కాగితాలు తీసింది. ఒకటి మేస్త్రి పేర, ఒకటి డాక్టరు పేర.

"రెండూ నడుస్తాయి. మీకూ శిక్ష పడొచ్చు, తెలుసుగా?"

"తెలుసు."

"ఈ ముక్క కేసు అయ్యేదాకా మా దగ్గరే ఉంటుంది. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను."

"తొందరేం లేదు మేడం. ముందు ఆయన చెప్పాలి. నేను వినాలి."

అతను డాక్టరు స్టూలు లాక్కుని, కుర్చీ ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. పైన పెద్ద లైటు వేశాడు.

"చెప్పండి డాక్టర్ గారూ," అన్నాడు. "నోరు తెరవండి."